ఫ్యాన్ ఆపే ఉంది, గది తిరుగుతోంది

సంక్రాంతికి ఊరెళ్ళొచ్చిన వారమే అనుకుంటా, 2023 జనవరి, పొద్దున్న అయిదున్నరకి అలారం మోగితే ఆపుదామని కుడి పక్కకి ఒత్తిగిల్లాను. అంతే. బీరువా, కిటికీ, గోడ మీద క్యాలెండరు అన్నీ కలిసి గిర్రున తిరిగిపోయాయి. చలికాలం కదా ఫ్యాన్ వేసుకోలేదు, ఆపే ఉంది, అయినా దాని రెక్కలు కూడా గోడలతో పాటు ఒక వైపుకి జారిపోయి, టక్కున వెనక్కొచ్చి, మళ్ళీ జారిపోతూ కనిపించాయి. రెండు చేతుల్తో పరుపు పట్టుకుని కళ్ళు మూసుకుంటే లోపల ఇంకా తిరుగుతోంది. నేనేం అరిచానో నాకు గుర్తు లేదు, మా ఆయన మాత్రం "పడిపోతున్నా పడిపోతున్నా అన్నావు, పడుకునే ఉన్నావు కదా ఇంకెక్కడికి పడతావు అనుకున్నా" అని ఇప్పటికీ నవ్వుతారు.

మొత్తం కలిపి అర నిమిషం కూడా ఉండదు. ఆ అర నిమిషం కోసం దాదాపు రెండేళ్ళు తిరిగాను, ఈఎన్‌టీ దగ్గరికి, న్యూరో దగ్గరికి, గుండె డాక్టర్ దగ్గరికి, ఆఖరికి సైకియాట్రిస్ట్ దగ్గరికి. నేను డాక్టర్ని కాదు, టైల్స్ కంపెనీలో అకౌంట్స్ చూసుకుంటాను, పది రూపాయలు లెక్క తేలకపోతే రాత్రి నిద్రపట్టని రకం. ఈ రకం మనిషి కావడం కూడా జబ్బులో ఒక పాలే అని చాలా ఆలస్యంగా అర్థమైంది.

ముందు నా ముక్కు సంగతి చెప్పాలి. "నాకు సైనస్ ఉందండీ" అంటాం కదా మనందరం, అలా అంటే ఒక డాక్టర్ గారు "అందరికీ ఉంటాయమ్మా, నాలుగు జతలు" అన్నారు తలెత్తకుండా. నిజమే, బుగ్గల వెనక, కనుబొమల పైన, కళ్ళ మధ్యలో, ఇంకా లోపలికి పుర్రె మధ్యలో, అన్నీ గాలి గదులు. వాటి లోపలి పొర వాచి 12 వారాలు దాటినా తగ్గకపోతే అప్పుడు క్రానిక్ అంటారు. మా అమ్మమ్మ దీన్నే పీనసం అనేది. మాది కోనసీమ, అమలాపురం దగ్గర, జలుబు చేస్తే చాలు పసుపు కొమ్ము దీపం మీద కాల్చి ఆ పొగ పీల్చమనేది, ఆ ఘాటు నడినెత్తికెక్కి కళ్ళలోంచి నీళ్ళు కారిపోయేవి, ఒక గంట ముక్కు తెరుచుకునేది, తర్వాత మళ్ళీ మామూలే. పెళ్ళయి హైదరాబాద్ వచ్చాక ఆ జలుబు ఏడాది పొడుగునా ఉండిపోయింది. మియాపూర్‌లో మా కాలనీ చుట్టూ ఖాళీ ప్లాట్లు, వాటి నిండా వయ్యారిభామ, వానలు పడ్డాక తెల్లగా పూస్తుంది చూడండి ఆ గడ్డి, అది పూసిందంటే నాకు తుమ్ములు మొదలు. దానికి తోడు గోడౌన్‌లో టైల్స్ కోసినప్పుడు లేచే పొడి.

ఇంక ముక్కు చుక్కలు. మెడికల్ షాపులో అడిగితే చేతిలో పెట్టేస్తారు, జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ అని ఉంటాయి, వేసుకున్న నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, ఆ హాయి అనుభవించినవాళ్ళకే తెలుసు. అవి 3 రోజులు, మహా అయితే 5 రోజులకి మించి వాడకూడదు. వాడితే ఏమవుతుందంటే చుక్కల పవర్ దిగిపోగానే ముక్కు ముందుకంటే ఎక్కువ బిగుసుకుపోతుంది, మళ్ళీ వెయ్యాలి, మళ్ళీ బిగుస్తుంది. నేను ఏడు నెలలు వాడాను. దిండు కింద ఒక సీసా, హ్యాండ్‌బ్యాగ్‌లో ఒకటి, ఆఫీసు డ్రాయర్లో ఒకటి. సీసా ఇంట్లో మర్చిపోయానని బస్టాప్ నుంచి వెనక్కొచ్చిన రోజులున్నాయి, అది ముక్కు జబ్బో ఇంకేదో మీరే చెప్పండి.

సరే, గది తిరిగిన రోజు సాయంత్రం ఇంటి దగ్గర్లోని ఒక హాస్పిటల్‌కి వెళ్ళాం (పేరెందుకులెండి). ముక్కులోకి కెమెరా పెట్టి చూశారు, సీటీ తీశారు, "ముక్కు దూలం వంకరగా ఉంది, సైనస్‌లు వాచాయి, తల తిరగడం దీని వల్లే, ఆపరేషన్ చేసేస్తే మొత్తం సెట్ అవుతుంది" అని ప్యాకేజీ కాయితం చేతిలో పెట్టారు. నిజం చెప్పొద్దూ, నాకు బోలెడంత రిలీఫ్ అనిపించింది. దొంగ దొరికాడు కదా! డబ్బులు సర్దుకోవడానికి వారం టైం అడిగి వచ్చాం, ఆ వారంలో మా ఆడపడుచు గారు పోరు పెట్టి ఇంకో చోట చూపించమన్నారు, లేకపోతే నేను ఆపరేషన్ టేబుల్ ఎక్కేసేదాన్నే. తర్వాత తెలిసిందేంటంటే దూలం కాస్తో కూస్తో వంకర లేని మనిషి దొరకడం కష్టం, జలుబున్నప్పుడు సీటీ తీస్తే ఎవరికైనా ఎంతో కొంత వాపు కనిపిస్తుంది. ఆపరేషన్ అవసరమైనవాళ్ళు ఉంటారు, కాదనను. నా తల తిరగడానికీ దూలానికీ మాత్రం సంబంధం లేదు.

రెండో చోట ఒక డాక్టరమ్మ, యాభై అయిదేళ్ళుంటాయేమో. నా ఫైల్ పక్కన పెట్టేసి ఒకటే అడిగారు, "ఏ పక్కకి తిరిగితే వచ్చింది?" కుడి పక్కకి అన్నాను. బల్ల మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టి, నా తల రెండు చేతుల్తో పట్టుకుని కుడి వైపు సగం తిప్పి, "ఏం జరిగినా కళ్ళు మూయొద్దు, నా ముక్కు వంక చూడండి" అని గబుక్కున వెనక్కి పడుకోబెట్టేశారు, తల బల్ల అంచు దాటి కిందికి వేలాడేలా. రెండు మూడు సెకన్లు ఏం లేదు. అమ్మయ్య అనుకునేలోపు మొదలైంది, ట్యూబులైటు, ఆవిడ మొహం, కళ్ళజోడు అన్నీ ఒకే పక్కకి. నేను ఆవిడ చెయ్యి గిచ్చేశాను. ఆవిడేమో పక్కనున్న జూనియర్ అమ్మాయితో "చూడు చూడు, కళ్ళు ఎటు కొట్టుకుంటున్నాయో చూశావా" అని ముచ్చటగా చూపిస్తున్నారు. ఈ పరీక్ష పేరు డిక్స్-హాల్‌పైక్, లండన్‌లో ఇద్దరు డాక్టర్లు 1952లో రాసింది. జబ్బు పేరు బీపీపీవీ. లోపలి చెవిలో కాల్షియం కార్బొనేట్ రవ్వలు ఉంటాయి, అంటే సుద్ద ముక్క లాంటి పదార్థమే, అవి ఉండాల్సిన చోటు నుంచి ఊడి పక్కనున్న అర్ధచంద్రాకారం గొట్టంలోకి జారితే, తల కదిపినప్పుడల్లా ఆ రవ్వలు కదిలి మనిషి తిరుగుతున్నాడని మెదడుకి తప్పుడు కబురు పంపిస్తాయి. వచ్చిన ప్రతిసారీ నిమిషం లోపే, అదీ తల కదిపితేనే.

తిరగడం ఆగాక ఆవిడ నా తల ఎడమ వైపుకి తిప్పి కాసేపు ఉంచారు, తర్వాత మొత్తం మనిషిని ఎడమ పక్కకి దొర్లించి మొహం నేల వైపు ఉండేలా పట్టుకున్నారు, తర్వాత లేపి కూర్చోబెట్టారు. రవ్వల్ని గొట్టంలోంచి దొర్లించి బయటికి పంపడం అన్నమాట, పిల్లలు గోళీని డబ్బాలో తిప్పి కన్నంలో వేసే ఆట లాగా. అమెరికాలో ఎప్లీ అనే డాక్టర్ కనిపెట్టాడట దీన్ని, మందు లేదు సూది లేదు తల తిప్పితే తగ్గడమేంటని తోటి డాక్టర్లే చాలాకాలం నమ్మలేదట, 1992లో పూర్తి వివరంతో పేపర్ అచ్చయ్యాక మెల్లగా ప్రపంచమంతా వాడటం మొదలుపెట్టింది. నాకు రెండుసార్లు చేశారు. రెండో రోజుకి గది తిరగడం ఆగిపోయింది. ఫీజు కన్సల్టేషన్ డబ్బులే.

"మరి సైనస్?" అని అడిగాను వదల్లేక. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తున్నా. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే చెవులు దిబ్బళ్ళు పడతాయి చూడండి, గుటక మింగితే టప్పుమని తెరుచుకుంటాయి, ముక్కు వెనక నుంచి చెవిలోకి ఉన్న యూస్టేషియన్ ట్యూబ్ వల్ల అది. ముక్కు లోపల వాపు ఉంటే ఆ ట్యూబ్ నోరు కూడా వాచి సరిగ్గా తెరుచుకోదు, చెవి నిండిపోయినట్టు, మాట దూరంగా వినపడినట్టు, కొంచెం తూలినట్టు ఉంటుంది. ముక్కు నుంచి చెవికి దారి ఉన్న మాట నిజం. కానీ గది గిర్రున తిరగడం ఆ ట్యూబ్ పని కాదు, అది ఇంకా లోపలి చెవి పని. తేలినట్టు ఉండటం వేరు, కళ్ళు చీకట్లు కమ్మడం వేరు, తూలడం వేరు, వస్తువులు తిరగడం వేరు. మనం అన్నిటికీ "కళ్ళు తిరిగాయి" అనేస్తాం, అమ్మకైతే అన్నిటికీ ఒకటే పేరు, పైత్యం. డాక్టర్ దగ్గర ఆ తేడా చెప్పగలిగితే సగం పరీక్షలు తప్పుతాయి.

ఇక్కడితో కథ అయిపోవాలి. రవ్వలు వెళ్ళిపోయాయి, గది ఆగింది. అసలు కథ అక్కడే మొదలైంది.

గిర్రున తిరగడం పోయింది కానీ నేల గట్టిగా లేదు. పడవలో నిలబడినట్టు, పరుపు మీద నడుస్తున్నట్టు. పడుకుంటే బాగానే ఉంటుంది, నిలబడితే మొదలు. సూపర్‌మార్కెట్‌లో రెండు పక్కలా పైదాకా సరుకులు పేర్చిన వరసల మధ్య నిలబడితే బుర్ర తేలిపోయేది, బిస్కెట్ ప్యాకెట్లన్నీ మీదికొస్తున్నట్టు ఉండేది, మా ఆయన్ని బిల్లింగ్ దగ్గర వదిలేసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చునేదాన్ని. అమీర్‌పేట మెట్రోలో ఎస్కలేటర్ దగ్గర ఆగిపోయి వెనకున్న జనం చేత తిట్లు తిన్నాను. ఫోన్‌లో పైకి స్క్రోల్ చేస్తే వికారం. ఇంట్లో గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టాను, మా వాడు రెండో క్లాసు అప్పుడు, "అమ్మా గోడకి బొమ్మ గీస్తున్నావా" అన్నాడు.

ఎడమ పక్క తిరిగి పడుకోవడమే అలవాటైపోయింది, కుడి పక్కకి తిరగడమంటే భయం. మెడ బిగబట్టుకుని, మిలటరీ వాళ్ళలాగా, మొత్తం మనిషిని తిప్పేదాన్ని గానీ తల తిప్పేదాన్ని కాదు. ఎప్పుడొస్తుందో ఎప్పుడొస్తుందో అని రోజంతా కాపలా.

దీనికీ ఒక పేరుంది, పీపీపీడీ. బ్యాలెన్స్ జబ్బులు చూసే డాక్టర్ల అంతర్జాతీయ సంఘం ఒకటుంది, బరానీ సొసైటీ అని (1914లో నోబెల్ తెచ్చుకున్న చెవి డాక్టర్ రాబర్ట్ బరానీ పేరు), వాళ్ళు 2017లో దీనికి లెక్కలు రాశారు. మూడు నెలలు దాటి, ఎక్కువ రోజులు తూలినట్టు ఉండటం, నిలబడితే, కదిలితే, కళ్ళ ముందు గజిబిజిగా ఉంటే పెరగడం. మామూలుగా దేని తర్వాతో వస్తుంది, బీపీపీవీ తర్వాత, చెవి ఇన్‌ఫెక్షన్ తర్వాత, ఒక్కోసారి పానిక్ ఎటాక్ తర్వాత. చెవిలో ఇప్పుడు ఏం తప్పు లేదు, స్కాన్‌లో ఏం కనిపించదు, కానీ మెదడు బ్యాలెన్స్ చేసే పద్ధతి మారిపోయింది.

మా ఊళ్ళో బోదెల మీద తాటి దుంగ పడేసి ఉండేది, అదే వంతెన. చిన్నప్పుడు స్కూలు బ్యాగులతో ఆ దుంగ మీద పరిగెత్తేవాళ్ళం, చాన్నాళ్ళు ఒక్కరు పడింది లేదు. ఒకసారి మా చెల్లి జారి బోదెలో పడింది, మోకాల్లోతు నీళ్ళే, ఏం కాలేదు, కానీ మర్నాటి నుంచి అది ఆ దుంగ మీద కాళ్ళ వంక చూసుకుంటూ ఒక్కో అడుగు వెయ్యడం మొదలుపెట్టింది, అలా చూసుకుంటూ వేసింది కాబట్టి తూలేది, తూలింది కాబట్టి ఇంకా కిందికి చూసేది. నాది అచ్చం ఇదే. బ్యాలెన్స్ అనేది చెవి, కళ్ళు, పాదాలు మూడూ ఇచ్చే కబుర్లతో మన ప్రమేయం లేకుండా నడిచే పని. ఒకసారి చెవి మోసం చేసేసరికి మెదడు దాన్ని నమ్మడం మానేసి మొత్తం కళ్ళ మీద వేసేసింది, అందుకే సూపర్‌మార్కెట్ వరసలు, ఎస్కలేటరు, ఫోన్ స్క్రోలింగ్.

ఈ పేరు తెలియడానికి ముందు పది నెలలు పోయాయి. ఎమ్మారై నార్మల్, ఈసీజీ నార్మల్, థైరాయిడ్ నార్మల్, విటమిన్ డి తక్కువ (డి తక్కువగా ఉన్నవాళ్ళకి బీపీపీవీ మళ్ళీ మళ్ళీ రావచ్చని, డి ఇస్తే కొంత తగ్గిందని 2020లో కొరియా వాళ్ళు ట్రయల్ చేసి చెప్పారు, కాబట్టి ఆ మాత్రలు బుద్ధిగానే వేసుకున్నా). ఒక పెద్దాయన రిపోర్టులన్నీ తిరగేసి "ఏం లేదమ్మా, టెన్షన్ అంతే, టెన్షన్ పడకండి" అని పంపించేశారు. నాకు ఎంత కోపం వచ్చిందంటే ఆటోలో ఏడ్చుకుంటూ వచ్చాను. తల తిరుగుతోంది మొర్రో అంటే టెన్షన్ అంటాడేంటి, నేను నాటకాలాడుతున్నానా? ఇప్పుడనిపిస్తుంది ఆయన చెప్పింది పూర్తిగా తప్పు కాదు, "అంతే" అనే ముక్క తప్పు. అదేదో చిన్న విషయం అయినట్టు.

ఆ కోపంలోనే లెక్క తీద్దామని మొదలుపెట్టాను. ఇంట్లో వాడని పాత డైరీ ఉంటే రోజూ రాత్రి మూడు గళ్ళు నింపేదాన్ని, ము, త, గా. ముక్కు, తల, గాబరా. ఒక్కోదానికి సున్నా నుంచి అయిదు మార్కులు. పక్కన నిద్ర ఎన్ని గంటలు, చుక్కలు ఎన్నిసార్లు. రెండు నెలలు రాశాను. ముక్కు బిగిసిన రోజే తల తిరుగుతుందని పందెం కాసేదాన్ని, కానీ గళ్ళు అలా లేవు. ముక్కుకి నాలుగు వేసిన రోజు తలకి సున్నా ఉంది, ముక్కు ఖాళీగా ఉన్న రోజు తల అయిదు ఉంది. మా పిన్ని కూతురి పెళ్ళి రోజైతే ముక్కు పూర్తిగా మూసుకుపోయి నోటితో ఊపిరి పీలుస్తూ పొద్దున్నుంచి రాత్రి అప్పగింతల దాకా నిలబడే ఉన్నాను, తల గడిలో సున్నా, రాయడమే మర్చిపోయి మర్నాడు రాశాను. మరి తల దేంతో కలిసిందయ్యా అంటే ముందు రోజు రాత్రి నిద్రతో. నిద్ర చెడింది ఎందుకయ్యా అంటే ముక్కు. అంటే ఈరోజు ముక్కు రేపటి తలలోకి వస్తోంది, నిద్ర మీదుగా, గాబరా మీదుగా. ఖాతాలో ఎంట్రీ ఒక రోజు తేడాతో పడితే టాలీ కాదు కదా, అలా.

ఆ డైరీ పట్టుకెళ్ళి డాక్టరమ్మకి చూపిస్తే ఆవిడ కళ్ళజోడు తీసి మరీ చదివారు. అప్పుడు చెప్పారు పీపీపీడీ అని.

ముక్కు, తల, గాబరా ఎలా కలుస్తాయో నేను మనుషుల్ని అడిగి తెలుసుకున్నవి, నా ఒంట్లో చూసుకున్నవి కలిపి చెప్తా. ఒకటి నిద్ర, చెప్పాను. ఇంకోటి ఊపిరి. ముక్కు దిబ్బడ వేసి ఉన్నప్పుడు "గాలి ఆడట్లేదు" అనిపించి పెద్ద పెద్ద ఊపిరులు, నిట్టూర్పులు తీస్తాం. అలా అవసరానికి మించి పీల్చి వదిలితే ఆక్సిజన్ పెరగడం సంగతి ఏమో గానీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దాంతో మెదడు రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి, బుర్ర తేలిపోతుంది, వేళ్ళ చివర్లు, పెదాల చుట్టూ తిమ్మిరి. ఒక రాత్రి రెండింటికి బాత్రూంలో నాకు ఇదే జరిగింది, ముక్కు మూసుకుపోయి లేచాను, అద్దంలో చూసుకుంటూ గాలి లాగుతున్నాను, వేళ్ళు కొంకర్లు పోయినట్టయ్యాయి, గుండె దడదడ, అయిపోయింది ఇంక, పిల్లాడు చిన్నవాడు అనుకున్నాను. ఎమర్జెన్సీకి పరిగెత్తితే ఆక్సిజన్ 99. అదీ పానిక్ ఎటాక్. మర్నాటి నుంచి ముక్కు బిగుసుకోవడమే నాకు ఒక అలారం అయిపోయింది.

మూడోది మందులు, దీని గురించి ఎవరూ చెప్పరు. జలుబు మాత్రల్లో ఫినైలెఫ్రిన్, సూడోఎఫిడ్రిన్ లాంటివి ఉంటే కొందరికి గుండె దడ, నిద్ర పట్టకపోవడం ఉంటుంది. సెట్రిజిన్ రకం వేసుకుంటే మత్తు, తూలు. నాకు ఎలర్జీకి రాసిన మాత్రలో మాంటెలుకాస్ట్ కూడా ఉండేది, మన దగ్గర తుమ్మితే రాసే మాత్ర అది. దాని మీద అమెరికాలో మందుల్ని అదుపుచేసే సంస్థ ఎఫ్‌డీఏ 2020 మార్చిలో బాక్స్ వార్నింగ్, అంటే అన్నిటికంటే గట్టి హెచ్చరిక పెట్టింది, కొంతమందికి మూడ్ మారడం, పీడకలలు, డిప్రెషన్ లాంటివి వస్తున్నాయని. అందరికీ వస్తాయని కాదు, ఆస్తమా ఉన్నవాళ్ళు భయపడి సొంతంగా ఆపేయకండి, డాక్టర్ని అడగండి. నేను అడిగితే నాకు మార్చారు, నా పీడకలలు తగ్గాయి, దాని వల్లే తగ్గాయో లేదో నేనైతే ప్రమాణం చెయ్యలేను. ఇంక తల తిరుగుడు మాత్రలు, తిరుగుడు వచ్చిన మొదటి రెండు మూడు రోజులకి సరే, నెలల తరబడి మింగితే మెదడు తనంతట తాను సర్దుకోవడాన్నే అవి ఆలస్యం చేస్తాయట. నేను నాలుగు నెలలు మింగాను. ఎవరూ ఆపమనలేదు మరి.

క్రానిక్ సైనసైటిస్ ఉన్నవాళ్ళకి ఆందోళన, డిప్రెషన్ ఎక్కువగా వస్తున్నాయా అని కొరియాలో పెద్ద స్టడీ ఒకటి 2019లో వచ్చింది, పదహారు వేల పైచిలుకు పేషెంట్లని ఏళ్ళ తరబడి చూస్తే, లేనివాళ్ళ కంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువట. చదివితే నాకు ఏడుపొచ్చింది, బాధతో కాదు, నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని కాదన్నమాట అని.

మధ్యలో మా చెల్లి సంగతి ఒకటి చెప్పకపోతే ఊరుకోదు. దానిది తల తిరుగుడు కాదు, "సైనస్ తలనొప్పి". పదేళ్ళుగా ఆవిరి పట్టడం, శొంఠి పట్టు, యాంటీబయాటిక్ కోర్సులు. నొప్పి వస్తే లైట్ ఆపేసి పడుకుంటుంది, వాంతి అయితే తగ్గుతుంది. నా దయ వల్ల అది కూడా డాక్టరమ్మ దగ్గరికెళ్ళింది, మైగ్రేన్ అన్నారు. 2004లో అమెరికాలో సైనస్ తలనొప్పి అని తమకి తాము అనుకున్న లేదా డాక్టర్లు చెప్పిన 2,991 మందిని చూస్తే 88 శాతం మందికి మైగ్రేన్ లక్షణాలే సరిపోయాయట. మైగ్రేన్‌లో కూడా ముక్కు కారుతుంది, బుగ్గలు బరువెక్కుతాయి, కొందరికి తల కూడా తిరుగుతుంది. చెల్లి పదేళ్ళ యాంటీబయాటిక్స్ లెక్కేసుకుని తల పట్టుకుంది, ఆ నొప్పి మాత్రం మైగ్రేన్ కాదు.

మరి నాకు ఎలా తగ్గిందంటే, తగ్గింది అనడం కంటే పల్చబడింది అనాలి. చుక్కలు మానెయ్యడం అన్నిటికంటే కష్టం, పది రోజులు నరకం, డాక్టరమ్మ స్టెరాయిడ్ స్ప్రే ఇచ్చి ముందు ఒక ముక్కుకి మానెయ్ తర్వాత రెండో దానికి అన్నారు. ఆ స్ప్రే కూడా నేను అన్నాళ్ళూ తప్పు కొట్టుకున్నాను, నిటారుగా మధ్య దూలం మీదికి కొట్టి, వెంటనే గట్టిగా పీల్చేదాన్ని, గొంతులోకి పోయేది. కుడి ముక్కుకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకి కుడి చేత్తో, ఏ ముక్కుకైతే ఆ వైపు చెవి దిక్కుకి కొట్టాలి. రెండు వారాలు పడుతుంది పనిచెయ్యడానికి. ఉప్పునీళ్ళతో ముక్కు కడగడం, జలనేతి, అది నిజంగా పనికొచ్చింది, కానీ నీళ్ళు కాచి చల్లార్చినవి మాత్రమే వాడండి, కుళాయి నీళ్ళు వద్దు, కేరళలో మెదడుకి పట్టే అమీబా వార్తలు విన్నారు కదా, అది ముక్కులోంచే ఎక్కుతుంది. ఆవిరి అంటారా, హాయిగా ఉంటుంది అంతే, పిల్లల పక్కన మరిగే గిన్నె పెట్టకండి.

తలకి వ్యాయామాలు. బొటనవేలు కళ్ళ ముందు పెట్టుకుని దాన్నే చూస్తూ తల అటూ ఇటూ తిప్పాలి, చూడ్డానికి ఇంత సిల్లీగా ఉంటుంది, చేస్తే మొదట్లో డోకొచ్చేది. రోజూ సూపర్‌మార్కెట్‌కి వెళ్ళమన్నారు, ఏం కొనకపోయినా సరే, మొదటి రోజు రెండు నిమిషాలు, తర్వాత అయిదు. సెక్యూరిటీ అతను నన్ను దొంగ అనుకుని వెనకాలే తిరిగాడు కొన్నాళ్ళు.

గాబరాకి సైకియాట్రిస్ట్. మాత్ర రాశారు, డిప్రెషన్‌కీ యాంగ్జైటీకీ ఇచ్చే రకం, పీపీపీడీకి కూడా అదే ఇస్తారు. మొదటి రెండు వారాలు గాబరా పెరిగింది, అలా జరగొచ్చని ఆయన ముందే చెప్పారు కాబట్టి ఆగాను, ఆరో వారానికి తేడా తెలిసింది. అమ్మకి చెప్తే "మెంటల్ మాత్రలా, ఎవరితో అనకు, రేపు పిల్లాడి సంబంధాలకి ఇబ్బంది" అంది, పిల్లాడికి తొమ్మిదేళ్ళు. డబ్బులు పెట్టలేనివాళ్ళకి, బయటికి చెప్పుకోలేనివాళ్ళకి టెలీ మానస్ అని ప్రభుత్వం ఫ్రీ నంబరు ఉంది, 14416, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పటికీ వానాకాలం వయ్యారిభామ పూస్తే ముక్కు బిగుస్తుంది. నిద్ర తక్కువైన మర్నాడు నేల కాస్త మెత్తగా ఉంటుంది, అయితే ఏంటి, నడుస్తాను. కుడి పక్కకి తిరిగే పడుకుంటున్నాను.

పోయిన నెల తణుకు నుంచి మావయ్య ఫోను. "ఏమే అమ్మాయ్, నీకొచ్చిన తల తిరుగుడే నాకూ వచ్చిందే, ముక్కు కూడా పట్టేసింది, ఆ తలకాయ తిప్పే వైద్యం ఏదో చెప్పు, మీ అత్తయ్య చేత తిప్పించుకుంటా." ముందు భయమేసింది, ఆయనకి డెబ్భై రెండు, బీపీ ఉంది. మాట తడబడుతోందా, మూతి ఏమైనా వంకర పోయిందా, ఒకటి రెండుగా కనపడుతోందా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పిందా, నడవలేకపోతున్నావా అని వరసగా అడిగాను. వాటిలో ఒక్కటి ఉన్నా నాకు ఫోన్ చెయ్యడం కాదు 108కి చెయ్యాలి, పక్షవాతం కూడా తల తిరుగుడుతోనే మొదలవ్వచ్చు. ఏవీ లేవన్నాడు. పక్కకి తిరిగి పడుకుంటే వస్తోందా అంటే రాదన్నాడు. మరెప్పుడు అంటే "కుర్చీలోంచి లేస్తే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయే" అన్నాడు. కొత్తగా మందులేమైనా మొదలుపెట్టావా మావయ్యా అంటే "అబ్బే, ఏం లేదు, సైనస్సే" అన్నాడు. నాలుగు రోజులు అదే మాట. చివరికి అత్తయ్య ఫోన్ లాక్కుని, డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళి, పడుకోబెట్టి ఒకసారి నిలబెట్టి ఒకసారి బీపీ చూపిస్తే నిలబడగానే పడిపోతోందట. పదిహేను రోజులుగా ప్రొస్టేట్ మాత్ర వేసుకుంటున్నాడట, బీపీ అలా పడేస్తున్నది అదేనట. ఆడపిల్లతో ఆ మాట ఎలా చెప్తాం అని సైనస్ అన్నాడట పాపం.